కొత్త ఎస్‌ఎస్‌డీకి విండోస్: క్లోన్ చేద్దామా, కొత్తగా ఎక్కిద్దామా?

అనంతపురంలో టవర్ క్లాక్‌కు నడిచి వెళ్లేంత దూరంలో నాకొక చిన్న డీటీపీ సెంటర్ ఉంది. టైపింగ్, జిరాక్సు, ఆన్‌లైన్ దరఖాస్తులు అసలు పని, సిస్టంలు బాగుచేయడం కొసరు పని. ఈ మధ్య కొసరే ఎక్కువైంది. వచ్చేవాళ్లలో చాలామంది చేతిలో కొత్త ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ బదులు వేసుకునే వేగమైన డిస్క్) పెట్టె ఉంటుంది, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నదో, బెంగళూరు ఎస్పీ రోడ్డులో కొన్నదో. అందరి మాటా ఒకటే: "అన్నా, దీంట్లోకి విండోస్ మార్చియ్యి. ఏమీ పోగూడదు."

ఆ "ఏమీ"లో ఏమేం ఉన్నాయో తేలితేనే ఏ దారిలో పోవాలో తేలుతుంది. దారులు మూడు. మొదటిది క్లోన్: పాత డిస్క్‌ను ఉన్నదున్నట్టు కొత్తదాంట్లోకి దించడం. రెండోది కొత్త డిస్క్ మీద విండోస్ మొదటినుంచి ఎక్కించి, ఫైళ్లు మాత్రం తెచ్చుకోవడం. మూడోది సిస్టం ఇమేజ్: పాత డిస్క్ మొత్తాన్ని ఇంకో ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో ఒక ఫైలుగా దాచి, కొత్తది బిగించాక అందులోంచి తిరిగి దించుకోవడం. ఏది సులువు, ఏది తొందరగా అవుతుంది అని అడుగుతారు గానీ, నేను మొదట చూసేది ఆ రెండూ కాదు. పాత డిస్క్ ఒంట్లో ఎలా ఉంది? పాత విండోస్ ఎలా ఉంది? ఈ రెండింటికీ జవాబు దొరక్క ముందు స్క్రూడ్రైవర్ చేతికి తీసుకోవద్దు.

ముందు డిస్క్ నాడి చూడండి

క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. తెరవగానే పైన నీలం రంగులో గుడ్ అని వస్తే సరే. పసుపు రంగులో కాషన్ అని వస్తే కింద పట్టికలో 05, సీ5, సీ6 అనే మూడు వరుసలు చూడండి. 05 అంటే పాడై, పక్కన పెట్టేసిన సెక్టార్లు, అంటే డిస్క్ డేటా రాసుకునే చిన్న చిన్న గళ్లు. సీ5 అంటే చదవలేక తడబడుతున్న సెక్టార్లు. సీ6 అంటే ఇక చదవలేనని డిస్క్ చేతులెత్తేసినవి. ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది: ఆ చివరి కాలమ్‌లోని అంకెలు మామూలు లెక్కలో ఉండవు, హెక్సాడెసిమల్‌లో, అంటే పదహార్ల లెక్కలో ఉంటాయి. 10 అని కనబడితే అది పది కాదు, పదహారు.

నాకు 05 కన్నా సీ5 అంటేనే భయం. 05లో అంకె ఉన్నా నెలల తరబడి కదలకుండా ఉంటే ఆ డిస్క్ ఇంకొన్నాళ్లు నెట్టుకొస్తుంది. సీ5లో అంకె కనబడిందంటే మాత్రం మీ ఫైళ్లలో ఏదో ఒకటి ఈ క్షణాన తెరుచుకోకపోవచ్చు.

రిజిస్ట్రేషన్ ఆఫీసు దగ్గర కూర్చునే ఒక దస్తావేజు లేఖరి తన ల్యాప్‌టాప్ తెచ్చారు. పెద్దాయన. "నాయనా, దీంట్లో పన్నెండేండ్ల దస్తావేజులు ఉండాయి. పోయినాయంటే నేను మళ్ల టైపు కొట్టలేను" అన్నారు. ఆన్ చేస్తే డెస్క్‌టాప్ రావడానికి ఎనిమిది నిమిషాలు పట్టింది. అరచేయి పెట్టి చూస్తే లోపల టిక్, టిక్ అని ఆగి ఆగి కొడుతోంది. సీ5లో 10 ఉంది. క్లోన్ చేసివ్వమని ఆయన అడిగారు, నేను చేయనన్నాను. పాడైపోతున్న డిస్క్‌ను విండోస్ నడుస్తుండగా క్లోన్ చేయబోతే, సాఫ్ట్‌వేర్ పాడైన చోట ఆగి అదే సెక్టారును మళ్లీ మళ్లీ చదవబోతుంది. కొన ఊపిరితో ఉన్న డిస్క్‌ను పరుగెత్తించడమే అది. చాలాసార్లు సగంలో ఎర్రర్ కొట్టి ఆగిపోతుంది, అప్పటికి డిస్క్ ఇంకాస్త చెడి ఉంటుంది.

అలాంటప్పుడు వాడాల్సింది డీడీరెస్క్యూ. లైనక్స్ (విండోస్ బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టం) ఉన్న పెన్‌డ్రైవ్‌తో సిస్టం లేపి దాన్ని నడపాలి. ముందు బాగున్న భాగాలన్నీ గబగబా తీసుకుంటుంది, మొండికేసిన చోట్లకు చివర్లో తిరిగి వస్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో ఒక మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది కనుక మధ్యలో ఆపినా ఆపిన చోటునుంచే మొదలుపెట్టొచ్చు. ఆయన 500 జీబీ డిస్క్‌ను 1 టీబీ ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి దించడానికి రాత్రంతా పట్టింది. పొద్దున వచ్చి చూస్తే చివరన కొద్దిపాటి భాగం తప్ప అంతా వచ్చింది.

ఆ తర్వాత కొత్త ఎస్‌ఎస్‌డీ మీద విండోస్ కొత్తగానే ఎక్కించాను. ఫైళ్లు పెట్టి, ఒక దస్తావేజు తెరిచి చూపించాను. పెద్దాయన ముఖం తెల్లబోయింది. తెర మీద తెలుగు లేదు, ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా ఉన్నాయి. ఫైలుకు ఏమీ కాలేదు. ఆయన టైపు చేసింది అను ఫాంట్లలో, అవి యూనికోడ్ కావు, అంటే ఏ సిస్టంలోనైనా తెలుగుగానే కనబడే రకం కావు. ఆ ఫాంటు లేని సిస్టంలో ఆ ఫైలు అట్లాగే కనిపిస్తుంది. దించిన కాపీలోంచి విండోస్ ఫోల్డర్‌లోని ఫాంట్స్ ఫోల్డర్ తెరిచి, ఆయన వాడే ఫాంట్లు ఎక్కించి మళ్లీ తెరిచాను. "ఇప్పుడొచ్చె" అని కుర్చీలో వెనక్కి వాలారు. కోర్టు పని, దస్తావేజుల పని, పెళ్లిపత్రికల పని చేసే ప్రతి ఒక్కరికీ నేను చెప్పేది ఇదే: కొత్తగా విండోస్ ఎక్కించేముందు డాక్యుమెంట్స్‌తో పాటు ఫాంట్లు కూడా కాపీ చేసుకోండి. టైపింగ్ సాఫ్ట్‌వేర్ సెటప్ ఫైలూ, దాని లైసెన్సు కాగితమూ ఎక్కడున్నాయో వెతికిపెట్టుకోండి.

క్లోన్ ఎప్పుడు మేలు

డిస్క్ నీలంగా ఉండి, విండోస్ కూడా మామూలుగా నడుస్తూ, కేవలం హార్డ్ డిస్క్ కాబట్టి నిదానంగా ఉంటే క్లోనే మేలు. వేరుశనగ నూనె మిల్లులో లెక్కలు రాసే అబ్బాయి సిస్టం అట్లాంటిది. ట్యాలీ, జీఎస్టీ కోసం డిజిటల్ సంతకం టోకెన్, దాని డ్రైవర్, పాత మోడల్ ప్రింటర్, తూకం యంత్రానికి ఎవరో రాసిచ్చిన చిన్న ప్రోగ్రాం. ఆ ప్రోగ్రాం రాసినాయన ఇప్పుడు ఎక్కడున్నాడో ఎవరికీ తెలీదు, సెటప్ ఫైలు లేదు. ఇలాంటి సిస్టంను ఫార్మాట్ కొడితే రెండు రోజుల పని కాదు, ఎప్పటికీ పూర్తికాని పని. మీ సిస్టంలో మళ్లీ ఎక్కించుకోలేని వస్తువు ఒక్కటున్నా క్లోన్ వైపే మొగ్గండి.

ఒకమాట: క్లోన్ చేసినా హార్డ్‌వేర్ మారిందని కొన్ని సాఫ్ట్‌వేర్లు లైసెన్సు మళ్లీ అడుగుతాయి. ట్యాలీ ఉంటే దాని లైసెన్సు వివరాలు, రిజిస్టర్ చేసిన మెయిల్ అందుబాటులో పెట్టుకోండి. విండోస్‌తో ఆ తంటా లేదు, దాని డిజిటల్ లైసెన్సు ముడిపడి ఉండేది మదర్‌బోర్డుతో. డిస్క్ మారితే అది పోదు.

సాఫ్ట్‌వేర్ విషయానికొస్తే, చాలా ఎస్‌ఎస్‌డీ కంపెనీలు తమ డిస్క్ కొన్నవాళ్లకు క్లోనింగ్ టూల్ ఉచితంగా ఇస్తాయి. శాంసంగ్‌కు సొంత టూల్ ఉంది. క్రూషియల్, డబ్ల్యూడీ తమ కొనుగోలుదారులకు అక్రోనిస్ ఇస్తూ వచ్చాయి. ముందు అవే చూడండి, కొత్తవాళ్లకు అవే తేలిక. మాక్రియం రిఫ్లెక్ట్ ఉచిత వెర్షన్ వాడమని పాత వీడియోల్లో చెబుతుంటారు. ఆ ఉచిత వెర్షన్‌ను 2024 జనవరి 1తో కంపెనీ నిలిపేసింది. క్లోన్‌జిల్లా ఉచితం, నమ్మకమైనది, కానీ మౌసు లేని పాతకాలపు తెర. పైగా మామూలుగా అది కొత్త డిస్క్ పాతదానికన్నా చిన్నదైతే ఒప్పుకోదు. 1 టీబీ హార్డ్ డిస్క్‌లో 150 జీబీ మాత్రమే నిండి ఉందనుకోండి, 500 జీబీ ఎస్‌ఎస్‌డీకి మారాలంటే కంపెనీ టూలే నయం.

ఎంతసేపు పడుతుందో లెక్క వేసుకునే కూర్చోండి. 200 జీబీ డేటా ఉందనుకుందాం. కొత్త డిస్క్‌ను కేబుల్‌తో యూఎస్‌బీ 2 పోర్టుకు తగిలిస్తే నిజానికి సెకనుకు 35 ఎంబీ దాకా వెళ్తుంది, అంటే గంటన్నర దాటుతుంది. అదే కేబుల్‌ను నీలం రంగు యూఎస్‌బీ 3 పోర్టులో గుచ్చితే, పాత హార్డ్ డిస్క్ చదివే వేగమే హద్దు, నలభై నిమిషాల చిల్లర. కేబుల్ కదలకుండా ల్యాప్‌టాప్‌ను బల్ల మీద పెట్టండి, ఒళ్లో కాదు.

పని మొదలుపెట్టేముందు మూడు చోట్ల ఆగాలి. మొదటిది ఎన్‌క్రిప్షన్, అంటే కీ లేనిదే ఎవరూ చదవలేకుండా డిస్క్‌కు వేసే తాళం. విండోస్ 11తో కొన్న చాలా ల్యాప్‌టాప్‌లలో డివైస్ ఎన్‌క్రిప్షన్ మీకు తెలియకుండానే ఆన్‌లో ఉంటుంది. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీలో చూడండి. ఉంటే ఆఫ్ చేసి, డిక్రిప్ట్ అయ్యేదాకా ఆగండి. 48 అంకెల రికవరీ కీని మీ మైక్రోసాఫ్ట్ అకౌంటులోంచి తీసి కాగితం మీద రాసుకోండి. ఆ కీ లేక, ఫైళ్లు కళ్లముందే ఉన్నా తెరవలేక తిరిగివెళ్లినవాళ్లను చూశాను. రెండోది పూర్తి షట్‌డౌన్. క్లోన్‌జిల్లాలాంటివి వాడేటప్పుడు షిఫ్ట్ నొక్కిపట్టి షట్‌డౌన్ చేయండి. లేకపోతే విండోస్ సగం నిద్రలో ఉండిపోతుంది, క్లోన్‌జిల్లా ఆ పార్టిషన్‌ను (డిస్క్‌లోని ఆ భాగాన్ని) ముట్టనంటుంది. మూడోది సోర్స్, టార్గెట్, అంటే ఏ డిస్క్‌లోంచి ఏ డిస్క్‌లోకి అన్నది. రెండు డిస్కులూ ఒకే సైజువైతే ఏది ఏదో సైజును బట్టి తేల్చకండి. డిస్క్ మీది స్టిక్కర్‌లో మోడల్ నంబరు, సీరియల్ నంబరు ముందే రాసుకుని తెర మీదున్న దాంతో సరిచూడండి. ఇక్కడ తారుమారైతే ఖాళీ డిస్క్ వచ్చి నిండు డిస్క్ మీద పడుతుంది, దానికి మందు లేదు.

క్లోన్ అయ్యాక మొదటిసారి ఆన్ చేసేటప్పుడు పాత డిస్క్ పూర్తిగా తీసేసి ఉండాలి. రెండింటికీ ఒకటే గుర్తింపు సంఖ్య ఉంటుంది కనుక కలిపి పెడితే విండోస్ తికమకపడుతుంది. పెద్ద డిస్క్‌కు మారినప్పుడు చివర ఖాళీ జాగా ఉన్నా సీ డ్రైవ్ పెరగకపోతే కంగారుపడకండి. మధ్యలో రికవరీ పార్టిషన్ అడ్డంగా కూర్చుని ఉంటుంది. క్లోన్ చేసేటప్పుడే టూల్‌లో పార్టిషన్ల సైజు సర్దుకుంటే ఆ బాధ ఉండదు.

కొత్తగా ఎక్కించడం ఎవరికి

విండోసే జబ్బుగా ఉంటే క్లోన్ చేసి లాభం లేదు. వైరస్ పట్టింది, అప్‌డేట్లు ఎక్కవు, నీలితెర వస్తూ ఉంటుంది, ఆరేళ్లుగా ఎక్కించి తీసేసిన సాఫ్ట్‌వేర్ల చెత్త. క్లోన్ ఆ రోగాలన్నీ కొత్త ఇంట్లోకి మోసుకొస్తుంది. చదువుకునే పిల్లల ల్యాప్‌టాప్‌లకు నేను దాదాపు ఎప్పుడూ కొత్తగా ఎక్కించడమే చెబుతాను. వాళ్ల దగ్గరుండేది బ్రౌజరు, ఆఫీసు, ఒకటో రెండో ప్రోగ్రామింగ్ టూల్స్. గంటలో మళ్లీ తెచ్చుకోవచ్చు.

8 జీబీ పెన్‌డ్రైవ్, మైక్రోసాఫ్ట్ వాళ్ల మీడియా క్రియేషన్ టూల్ ఉంటే చాలు. డౌన్‌లోడ్ 5 జీబీకి పైనే ఉంటుంది, మొబైల్ డేటా మీద పెట్టుకోకండి. లైసెన్సు అదే పట్టుకుంటుంది, ఎడిషన్ మాత్రం పాతదే ఉండాలి. హోం ఉన్నచోట ప్రో ఎక్కిస్తే యాక్టివేట్ కాదు. ఇంటెల్ 11వ తరం, ఆ తర్వాతి ల్యాప్‌టాప్‌లలో కొన్నిటికి ఇన్‌స్టాల్ చేసేటప్పుడు "డిస్కే లేదు" అన్నట్టు ఖాళీ జాబితా వస్తుంది. ఎస్‌ఎస్‌డీ పోయిందని అనుకోకండి. డిస్క్‌ను విండోస్‌కు చూపించే ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ డ్రైవర్‌ను ల్యాప్‌టాప్ కంపెనీ సైట్‌లోంచి తెచ్చి అదే పెన్‌డ్రైవ్‌లో పెట్టి, లోడ్ డ్రైవర్ నొక్కితే డిస్క్ కనబడుతుంది.

నేను చేసిన ఒక తప్పు చెబుతాను, మీరు చేయకుండా ఉంటారని. తాడిపత్రి నుంచి వచ్చిన ఒక డెస్క్‌టాప్‌లో పాత డిస్క్ బిగించి ఉండగానే కొత్త ఎస్‌ఎస్‌డీ మీద విండోస్ ఎక్కించాను. చక్కగా నడిచింది. వారం తర్వాత వాళ్లు పాత డిస్క్ తీసేశారు, సిస్టం లేవలేదు. కారణం ఏమంటే, పాత డిస్క్‌లో అప్పటికే ఈఎఫ్‌ఐ పార్టిషన్ (సిస్టంను లేపే ఫైళ్లుండే చిన్న భాగం) ఉంటే విండోస్ ఇన్‌స్టాలర్ తన బూట్ ఫైళ్లను అందులోనే పెట్టేస్తుంది. విండోస్ కొత్త డిస్క్‌లో, దాన్ని లేపే తాళంచెవి పాత డిస్క్‌లో. వాళ్లు ఆ మోపైన సీపీయూను బస్సులో మళ్లీ మోసుకురావాల్సి వచ్చింది. ఆ రోజునుంచి కొత్తగా ఎక్కించేటప్పుడు కొత్త డిస్క్ తప్ప మిగతా డిస్కులన్నిటి కేబుళ్లూ పీకేస్తాను. మీరూ అదే చేయండి.

ఏ విండోస్ అనేది కూడా ఇక్కడే తేల్చుకోవాలి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇళ్లలో వాడేవాళ్లు అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లకు నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 దాకా గడుస్తుంది. ఇంటెల్ 8వ తరం, ఆపైన ప్రాసెసర్, టీపీఎం 2.0 (విండోస్ 11 అడిగే సెక్యూరిటీ చిప్) ఉన్న సిస్టంకు ఎస్‌ఎస్‌డీ వేస్తుంటే ఇదే అదనుగా 11 ఎక్కించండి. 4వ తరం సిస్టం అయి, బ్రౌజింగ్, టైపింగ్ వరకే అయితే లైనక్స్ మింట్ చూడమంటాను. అడ్డదారిలో 11 ఎక్కించడం కుదురుతుంది గానీ, బ్యాంకు పనులు చేసే సిస్టంకు నేనది చేయను.

ఇమేజ్ దారి

ఇది అందరికీ అక్కర్లేదు. సన్నటి ల్యాప్‌టాప్‌లో ఒక్కటే ఎం.2 స్లాటు (సన్నటి పట్టీలాంటి ఎస్‌ఎస్‌డీ బిగించే చోటు) ఉండి, కొత్త డిస్క్‌ను బయటినుంచి తగిలించే ఎన్‌క్లోజర్ లేకపోతే ఇది పనికొస్తుంది. విండోస్‌లోనే ఉన్న పాత సిస్టం ఇమేజ్ సదుపాయం మాత్రం కొత్త డిస్క్ చిన్నదైతే మొరాయిస్తుంది. రెస్క్యూజిల్లా బాగుంటుంది, మౌసుతో నడుస్తుంది. నెలకోసారి ఇమేజ్ తీసి పెట్టుకునే అలవాటున్న ఆఫీసులకైతే ఇదే దారి, వాళ్లకు సగం పని ముందే అయిపోయి ఉంటుంది.

డిస్క్ కొనేముందు

2.5 అంగుళాల శాటా ఎస్‌ఎస్‌డీ (ల్యాప్‌టాప్ హార్డ్ డిస్క్ జాగాలో బిగేది) సెకనుకు 550 ఎంబీ దాకా చదువుతుంది. జెన్ 3 ఎన్‌వీఎంఈ, అంటే ఎం.2 స్లాటులో బిగించే ఇంకా వేగమైన రకం, 3,500 ఎంబీ దాకా. కాగితం మీద ఆరింతల తేడా. కానీ హార్డ్ డిస్క్‌నుంచి మారేవాళ్లకు రెండూ ఒకేలా హాయిగా అనిపిస్తాయి, ఎందుకంటే సిస్టంను కుంటినడక నడిపించేది పెద్ద ఫైళ్లు కాదు, చెల్లాచెదురుగా ఉన్న చిన్న ఫైళ్లు. ఎం.2 స్లాటు కనబడగానే ఎన్‌వీఎంఈ కొనకండి. కొన్ని స్లాట్లు శాటా ఎం.2 మాత్రమే తీసుకుంటాయి, రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి. మాన్యువల్‌లో చూసి కొనండి. హార్డ్ డిస్క్‌నుంచి ఎన్‌వీఎంఈకి క్లోన్ చేసినప్పుడు బూట్ డివైస్ దొరకలేదని నీలితెర వస్తే, పాత డిస్క్‌లోని విండోస్‌లో సేఫ్ బూట్ (తప్పనిసరి డ్రైవర్లతో మాత్రమే లేవడం) పెట్టి మళ్లీ క్లోన్ చేయండి. కొత్త డిస్క్‌తో ఒకసారి సేఫ్ మోడ్‌లో లేచిందంటే డ్రైవర్ పట్టుకుంటుంది, తర్వాత సేఫ్ బూట్ తీసేయొచ్చు.

మన ఎండల గురించి కూడా చెప్పాలి. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ 40 డిగ్రీలు దాటడం మామూలే. రేకుల షెడ్డులో ఉన్న షాపులో, దుమ్ము పట్టిన ఫ్యానుతో, క్లోన్‌లాంటి పని గంటసేపు నడిస్తే ఎన్‌వీఎంఈ వేడెక్కి తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. పాడవదు, ఆలస్యమవుతుంది. ఫ్యాను దుమ్ము దులిపి పొద్దున్నే మొదలుపెట్టండి. సాయంత్రం గాలివాన లేస్తే కరెంటు పోవడం అందరికీ తెలిసిందే. ల్యాప్‌టాప్ అయితే నిండా ఛార్జి ఉంచి ఛార్జర్ కూడా పెట్టండి, డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ లేకుండా ముట్టుకోవద్దు. ఒకవేళ క్లోన్ మధ్యలో కరెంటు పోయినా బెంబేలు పడకండి. క్లోన్ పాత డిస్క్‌ను చదువుతుందంతే, దాని మీద రాయదు. కొత్తదాన్ని చెరిపి మళ్లీ మొదలుపెట్టడమే.

షాపులో చేయిస్తే

చేయించండి, తప్పేమీ లేదు. కానీ పక్కనే ఉండి మూడు మాటలు చెప్పండి. పాత డిస్క్ నాకే తిరిగి ఇవ్వాలి. ఉన్న లైసెన్సు విండోసే ఎక్కించాలి, యాక్టివేటర్ (లైసెన్సు లేని విండోస్‌ను ఉన్నట్టు నడిపే దొంగ టూల్) వద్దు. డిజిటల్ సంతకం టోకెన్ ఇక్కడ వదలను. రెండో మాట ఎందుకంటున్నానంటే, మదర్‌బోర్డులో అసలు లైసెన్సు ఉన్న ల్యాప్‌టాప్‌కు కూడా దొంగ విండోస్ ఎక్కించి, యాంటీవైరస్ ఆపేసి పంపిన సిస్టంలు నా బల్ల మీదికి చాలాసార్లు వచ్చాయి. డబ్బుపెట్టి కొన్న హక్కును తెలియక పోగొట్టుకున్నవాళ్లను చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. పని అయ్యాక సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ తెరిచి డిజిటల్ లైసెన్స్ అని ఉందో లేదో అక్కడే చూసుకుని బయల్దేరండి.

ఏ దారిన వెళ్లినా, పాత డిస్క్‌ను వెంటనే ఫార్మాట్ చేయొద్దు. నేను దాని మీద మార్కర్‌తో తేదీ రాసి కవర్లో పెట్టి ఇస్తాను, నెల తర్వాత చూద్దామంటాను. ఆ నెలలో ఏదో ఒకటి గుర్తొస్తుంది: పాత ట్యాలీ డేటా, మెయిల్ ఫైలు, డౌన్‌లోడ్స్‌లో ఉండిపోయిన పట్టాదారు పాస్‌బుక్ స్కాన్. దస్తావేజుల పెద్దాయనకూ అట్లాగే ఇచ్చాను. ఇరవై రోజులకు వచ్చి, ధర్మవరంలో ఒక పొలం విభాగ దస్తావేజు కనబడటం లేదన్నారు. డీడీరెస్క్యూ కాపీలో వెతికితే డెస్క్‌టాప్ మీద "కొత్త ఫోల్డర్ 3"లో దొరికింది. ప్రింటు తీసుకుని, కవర్లోని డిస్క్‌ను మళ్లీ సంచిలో పెట్టుకుని వెళ్లారు.